పెట్టెను పట్టుకునే చెయ్యి

ఆఫీసులో అందరూ ఆమెను చింపుడమ్మ అంటారు. అట్టపెట్టెల కంపెనీలో ఆమె ఉద్యోగమే అది: పెట్టెను ఎక్కడ పట్టి లాగితే ఎలా చిరగాలో కంప్యూటర్‌లో గీసి, తెర మీదే చింపి చూడటం. చిరగాల్సిన గీత మొండికేస్తే కొన్నవాడు తిట్టుకుంటాడు, మెతకదైతే పెట్టె లారీలోనే నోరు తెరుస్తుంది.

ఇంత చేసే మనిషి ఇంట్లో ఒక్క పెట్టెనూ గీసిన చోట తెరవదు. తిరగేసి, అడుగున గోరు దూర్చి, జిగురు ఎలా పట్టిందో చూస్తూ విప్పుతుంది. ఆ వృత్తిలో వాళ్లందరికీ ఉన్న జబ్బే. మామగారి మాత్రల పెట్టె ఆమె గీసిందే, అదీ అంతే. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయాక రోజూ ఆమే విప్పి ఇస్తోంది. ఎంత సేవ చేస్తున్నానో అని లోలోపల మురిసిపోయేది కూడా.

ఒక ఉదయం కొత్త పెట్టె అందుకోబోతే ఆయన ఇవ్వలేదు.

"ఉండమ్మాయ్, ఇవాళ నేనే తీస్తా."

"ఎందుకు మామయ్యగారూ శ్రమ?"

"స్నానానికి అబ్బాయి, బొత్తాలకి మీ అత్తయ్య, మాత్రకి నువ్వు. నా అంతట నేను చేసుకునేది ఒక్కటైనా ఉండొద్దూ?"

ఎడమచేత్తో లాగారు. పెట్టె చేతి వెంటే వచ్చింది. మోకాళ్ల మధ్య ఇరికించి లాగితే నలిగింది. చివరికి పళ్లతో కొరికారు. అట్టముక్క ఉమ్మేసి తలదించుకున్న ఆయన్ని ఆమె చూడలేకపోయింది.

ఆఫీసుకు వెళ్లి కంప్యూటర్‌లో ఆ పెట్టె పాత బొమ్మ తెరిచింది. మొదట్లోనే ఉంది తప్పు. తెర మీద చింపే ముందు పెట్టె అడుగుభాగం కదలకుండా బిగించేయడం అలవాటు. ఆ బిగింపు తీసేసి లాగింది. పెట్టె చిరగకుండా తెర మీద జారుకుంటూ పోయింది.

"ఇన్నాళ్లూ చక్కగానే చిరిగింది కదమ్మా!" అన్నాడు మేనేజరు.

"పెట్టెకి మేకులు కొట్టి చింపాం సార్, చిరగక ఏం చేస్తుంది?"

"మీ మామగారొక్కరి కోసం మార్చేస్తామా?"

"ఒంటిచేత్తో బతికేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారా సార్?"

గొణుక్కుంటూనే నమూనాకు ఒప్పుకున్నాడు. ఆమె లాగడం మానిపించి నొక్కడం పెట్టింది. పైన అర్ధచంద్రంలా గీత. బొటనవేలితో కిందికి నొక్కితే పెట్టెను బల్లే పట్టుకుంటుంది.

నమూనా ఇంటికి తెచ్చి, మాత్రలు అందులోకి మార్చి మామగారి ముందు పెట్టింది. మొదటిసారి వేలు జారింది. ఆమె చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. వెనక్కి లాక్కుని చేతులు కట్టుకుంది. రెండోసారి టప్పుమని అట్ట లోపలికి విడిపోయింది. ఆయన రెండు వేళ్లతో మాత్రల రేకు పైకి తీసి, మాత్ర బయటికి నొక్కి, లోపలున్న అత్తగారికి కేకేశారు.

"ఇదిగో, వింటున్నావా? మాత్ర నేనే తీసుకున్నా!"

ఆనందం పట్టలేక ఆమె గబగబా మంచినీళ్ల గ్లాసు అందించబోయింది.

"అదీ నేనే," అన్నారాయన.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేసింది.