తాతయ్య మరిచిపోలేదు

నా చిన్నతనంలో కోదాడ దగ్గరి చిలుకూరులో మా తాతయ్యకు పిండి గిర్ని ఉండేది. మిరపకాయలకైనా రాగులకైనా ఒకటే యంత్రం. అందుకే కారం పట్టిన ప్రతిసారీ చాటెడు నూకలు పోసి తిప్పేవాడు. లోపలి ఘాటంతా వాటితో వచ్చేసేది. వాటిని పారబోసి గానీ మరొకరి గింజలు ముట్టేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం కారం పట్టిన వెంటనే నన్ను కూర్చోబెట్టి అన్నానికి వెళ్లాడు. నూకలు పొయ్యమని రెండుసార్లు చెప్పాడు. బయట పిల్లలు ఆటకు పిలుస్తున్నారు. పక్కింటి అక్క చంటిపాప జావ కోసం రాగుల డబ్బా పెట్టి వెళ్లింది. నూకలు పోయకుండానే పట్టేశాను. మరిచిపోయి కాదు, తొందరగా అయిపోతుందని. అక్క తిరిగి వచ్చేసరికి తాతయ్య ఉన్నాడు. ఆయనే డబ్బా అందించాడు.

సాయంత్రం అక్క పాపను చంకనేసుకుని వచ్చింది.

"గిదేం పిండి తాతా? పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది!"

తాతయ్య చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు.

"నూకలు పొయ్యుడు మర్చిన బిడ్డా. తప్పు నాదే."

"ముసలోనికి మతి పోయింది. రేపు బియ్యప్పిండిల గూడ కారం కలుపుతడు" అన్నారు పిండి కోసం వరసలో నిలబడ్డవాళ్లలో ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జనం గింజల మూటలు కోదాడ గిర్నికి మోయడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా యంత్రం అమ్మేశాం. తాతయ్య నన్ను ఏమీ అడగలేదు. మతిమరుపు తాత అనే పేరుతోనే పోయాడు.

ఇప్పుడు సూర్యాపేటలో ఒక కాలేజీలో చిన్న వ్యాపారాల నిర్వహణ బోధిస్తున్నాను. యజమాని మతిమరుపు వ్యాపారాన్ని ఎలా ముంచుతుందో చెప్పడానికి ఏటా ఆ గిర్ని కథే చెప్పేవాణ్ణి. ఈసారి ఒక అమ్మాయి లేచి, "ఆ టైంల మెషిన్ కాడ ఎవరున్నరు సార్?" అని అడిగింది. నేను పాఠం మార్చేశాను.

ఆ ఆదివారం చిలుకూరు వెళ్లి అక్కకు నిజం చెప్పాను.

"గప్పుడే చెప్తే అయిపోతుండె గదరా. పిల్లగానివి, నాలుగు తిట్టి ఊకుందుము. ముసలాయన మతి పోయిందంటేనే భయపడి అందరం గిర్ని ఇడిసిపెట్టినం."

ఆ నాలుగు తిట్లు నేను పడి ఉంటే సరిపోయేది. తాతయ్య వాటిని చనిపోయేదాకా పడ్డాడు. తరగతిలో పాతికేళ్లుగా నేనే మళ్లీ మళ్లీ తిట్టించాను.