కథల టీచర్

ఇబ్రహీంపట్నం శివారులోని మా కాలనీకి సర్కారు బడి మంజూరైనప్పుడు భవనం లేదు. కమ్యూనిటీ హాల్లోనే మొదలుపెట్టాం. తొలి టీచర్ని నేనే. ఇల్లిల్లూ తిరిగి, తల్లులను బతిమాలి పిల్లలను చేర్పించాను. రెండు నెలలకు ఇంకో టీచర్ వచ్చింది. హాలుకు మధ్యలో గోడ లేదు. ఆమె కథ మొదలుపెడితే నా పిల్లలు కూడా మెడలు అటే తిప్పేవారు. అది వినపడకుండా నేను గొంతు పెంచి ఎక్కాలు చెప్పించేదాన్ని.

ఒకరోజు ఆమె సెలవు పెట్టింది. ఒకటో తరగతి పిల్ల నా కొంగు పట్టుకుని, "కథల టీచర్ ఎప్పుడొస్తది?" అని అడిగింది. ఆ పిల్లను చేర్పించడానికి వాళ్లింటికి నాలుగుసార్లు తిరిగాను.

"నాకేం ఎరుక? పోయి కూసో," అని కసిరాను.

కొత్త భవనం ప్రారంభించిన రోజు అందరూ ఆమెనే మాట్లాడమన్నారు. ఆమె మైకు అందుకుని నన్ను ముందుకు పిలిచింది. "గీ బడి నిలబడ్డదంటే గీ అక్క వల్లనే. ఇల్లిల్లు తిరిగి పోరగాండ్లను జమ చేసింది," అంది.

చప్పట్లు మోగాయి. అవి ఆమె మంచి మనసుకే పడ్డాయనిపించింది. నవ్వుతూ నిలబడ్డాను గానీ, కడుపు మండిపోయింది.