రెండూ నూట యాభై గ్రెయిన్లే

మావారు ఇంట్లో రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడేవారు కాదు. కాఫీ అయిందా, అన్నం పెట్టు, తలుపేశావా, వీటితోనే గడిచిపోయేది. దాన్ని నేను లోటనుకోలేదు. మంచి మనిషిని ఇచ్చావు, అదే చాలని పొద్దున్నే దీపం పెట్టి స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎనభైల మొదట్లో, టెక్సస్‌లోని ప్లేనోలో మా వీధి చివర ఇంకా జొన్నచేలుండే రోజుల్లో, ఆయనకి మాటలు వచ్చునని పక్కింటి గరాజ్ వల్ల తెలిసింది.

పక్కింటావిడ నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. భర్త పోయి మూడేళ్లయింది. ఆయన వదిలివెళ్లిన బల్ల మీద రైఫిల్ తూటాలు తనే తయారు చేసుకునేది. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు తుడిచి, కొత్త తుపాకిమందు తూచి పోసి, మూతిలో గుండు కూర్చి నొక్కేది. మావారి ఆఫీసులో సగం మంది నవంబర్ వచ్చిందంటే జింకల వేటకి వెళ్లేవారు. ఈయనకీ వెళ్లాలనిపించింది. థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్ ఒకటి కొని, దీనికి ఏ గుండు మంచిదని ఆవిణ్ణి అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రెండు నెలలు సాగింది.

మా వంటింటి కిటికీ వాళ్ల గరాజ్ వైపే ఉండేది. గిన్నెలు తోముతూ అంతా వినేదాన్ని.

"నూట పది గ్రెయిన్ల గుండు వద్దు హనీ, మరీ తేలిక. భుజం ఎముకకి తగిలితే పైపైనే చిట్లిపోతుంది."

"మరి నూట ఎనభై?"

"అది ఎల్క్‌కి, ఆ గుర్రమంత దుప్పికి పనికొస్తుంది. మన టెక్సస్ జింక ఎంతని, బలిసిన మేకంత. నూట ఎనభై కొడితే ఇటు దూరి అటు పోతుంది. మధ్యలో జింక ఉందన్న సంగతి కూడా దానికి తెలీదు."

మావారు పగలబడి నవ్వారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ నవ్వు నేను నాలుగుసార్లు విని ఉంటాను. ఆవిడ పోస్ట్‌మ్యాన్‌ని కూడా హనీ అనే పిలుస్తుందని తెలుసు. అయినా ఆ మాట వినబడ్డప్పుడల్లా నా చేతిలో గిన్నె కాస్త గట్టిగా చప్పుడు చేసేది.

నిజానికి గ్రెయిన్ నాకు కొత్త మాట కాదు. నాన్నగారు వైద్యులు. నన్ను బడికి పంపకుండా తన బల్ల పక్కనే కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. ఇంగ్లీషు అక్షరాలు మందు సీసాల మీద, లెక్కలు మందుల త్రాసు మీద నేర్చుకున్నాను. చిమటాతో ఎత్తిపెట్టే రేకు తూకాలుండేవి. "ఒక్క గ్రెయిన్ తప్పితే మనిషి పోతాడమ్మా" అనేవారు. అందుకే ఒక సాయంత్రం ధైర్యం చేసి, "గ్రెయిన్ అంటే ఒక గింజ ఎత్తు కదండీ?" అన్నాను.

"ఆఁ" అన్నారు మావారు. అని టీవీ పెట్టారు.

ఆ "ఆఁ" నన్ను చాలా రోజులు తొలిచింది. ఆయనకి గరాజ్‌లో అన్ని మాటలుండి, నాకు ఒక్క అక్షరమా? జపం చేసుకుంటున్నా చెవులు కిటికీ దగ్గరే ఉండేవి. ఇలాంటి మనసుతో నీ ముందు కూర్చుంటున్నాను, క్షమించమని స్వామికి చెప్పుకునేదాన్ని. చెప్పుకుని మళ్లీ వినేదాన్ని.

మహర్నవమి వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజకి కత్తిపీట, కుట్టుమిషను, ఆయన స్పానర్లు, కారు తాళాలు అన్నీ దేవుడి ముందుకి వస్తాయి. ఆ ఏడు రైఫిల్ కూడా చేరింది. తూటాల డబ్బాలు రెండున్నాయి. ఒకటి గురి నేర్చుకోవడానికి ఆయన తెచ్చుకున్నది, మిలిటరీవాళ్లు వాడగా మిగిలిన సరుకు. రెండోది పక్కింటావిడ తయారు చేసి ఇచ్చినది. దాని మీద వంకర అక్షరాలతో "150, డీర్" అని రాసి ఉంది. మిలిటరీ డబ్బా మీదా నూట యాభయ్యే. తూకం ఒకటైనప్పుడు ఏదైతేనేం అని నాకు నేను చెప్పుకున్నాను. మనసులో ఉన్నది వేరు. ఆవిడ చేతిరాత నా దేవుడి ముందెందుకు?

మిలిటరీ డబ్బాకి గంధం రాసి, కుంకుమబొట్టు పెట్టాను. ఆవిడ డబ్బా గరాజ్‌లోనే ఉండిపోయింది. మావారు దణ్ణం పెట్టుకుని, ఆ బొట్టు వంక ఒక్క క్షణం చూసి వెళ్లిపోయారు.

నవంబర్‌లో ఒక శనివారం పక్కింటావిడ అన్నగారి పశువుల రాంచ్‌కి ప్రయాణం పెట్టుకున్నారు. మూడు గంటల దారి.

"నేనూ వస్తాను" అన్నాను.

"నువ్వు మాంసమే ముట్టవు, అక్కడ నీకేం తోస్తుందే?"

"మీకు తోస్తుంది కదా."

పికప్‌లో ఒకటే సీటు. ఆవిడ డ్రైవ్ చేస్తుంటే ఇద్దరి మధ్యా నేను కూర్చున్నాను. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలికి తగిలేది. అయినా జరగలేదు.

వాళ్లిద్దరూ చెరో పొద దగ్గరికి వెళ్లారు. నేను ట్రక్కులో స్తోత్రాల పుస్తకం తెరిచి కూర్చున్నాను. పొద్దెక్కాక ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. కాసేపాగి వెళ్లి చూస్తే మావారు ఒక్కరే రాళ్ల నేల మీద నిలబడి ఉన్నారు. జింక లేదు. దేవదారు పొదల వైపు పారిపోయిందట. ఆవిడ అప్పటికే వచ్చి, నేల మీద పడ్డ ఇత్తడి గొట్టం తీసి అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఇది నేను చేసింది కాదే."

గొట్టాన్ని మావారి మొహం ముందు పెట్టింది.

"మిలిటరీది! చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా? ఇది అల్లికసూదిలా దూరి అలాగే బయటికి పోతుంది. పాపం, అది ఎక్కడో నెత్తురోడుతూ ఏ రాత్రికో చస్తుంది. ఎందుకు తెచ్చావు?"

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. కోటు జేబులోంచి డబ్బా మూత కనబడుతోంది, దాని మీద నా కుంకుమ. ఆ ఒక్క సంగతి చెబితే ఆయనకి తిట్లు తప్పేవి. చెప్పలేదు.

"నేనే" అన్నాను. ఇంగ్లీషులో ఆవిడతో నేను పలికిన మొదటి పూర్తి మాటలు అవే. "నేనే దాన్ని దేవుడి దగ్గర పెట్టాను. మీ డబ్బా పెట్టలేదు. కావాలనే పెట్టలేదు."

ఆవిడ గొట్టాన్ని జేబులో వేసుకుంది. తర్వాత, "నీ కళ్లు బాగా పనిచేస్తాయా హనీ? నా కళ్లజోడు ట్రక్కులో ఉంది. నెత్తుటి చుక్కలు వెతకాలి" అంది.

బియ్యంలో రాళ్లేరిన కళ్లు నావి. పదడుగులకొక చుక్క, ఆవగింజంత. ఆకు మీద ఒకటి, రాయి అంచున ఒకటి. కనబడ్డ చోటల్లా ఆవిడ చిన్న కాగితం ముక్క గుర్తు పెట్టింది. నడిచినంతసేపూ స్వామిని నేను అడిగింది ఒక్కటే, దాన్ని త్వరగా చూపించమని. మధ్యాహ్నం తిరిగాక వాగు ఒడ్డున పడుకుని ఉంది. తల ఎత్తి మమ్మల్ని చూసింది. ఆవిడ తన జేబులోంచి ఒక తూటా తీసి మావారి చేతిలో పెట్టింది. ఆయన కాల్చిన ఆ ఒక్క చప్పుడుతో అయిపోయింది. నేను చేతులు జోడించాను. ఎవరికని జోడించానో ఇప్పటికీ చెప్పలేను. జింకకే అనుకుంటాను.

"రెండూ నూట యాభయ్యే కదా?" అన్నాను ఆవిడతో, ఏడుస్తూనే.

ఆవిడ నా అరచేతిలో రెండు తూటాలు పెట్టింది. నిజంగానే ఒకే బరువు. ఒకదాని గుండు కొన దాకా రాగి తొడుగు. రెండోదానికి కొన దగ్గర తొడుగు లేదు, బూడిదరంగు సీసం కనిపిస్తోంది. "ఈ మెత్తటి ముక్కు లోపలికి వెళ్లగానే పువ్వులా విచ్చుకుంటుంది. జింక అక్కడికక్కడే పోతుంది. బరువు ఒక్కటీ చూస్తే చాలదు" అంది. తర్వాత అడిగింది, "నా డబ్బా ఎందుకు పెట్టలేదు?"

"మీరు ఆయన్ని నవ్విస్తారు."

మొదట ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత మొహం మారింది. "మా ఆయన పోయాక ఈ గోల వినే మనిషే లేడు హనీ. దొరికాడు కదా అని వాగాను."

ఇంటికొచ్చాక, బూట్లు విప్పుకుంటూ మావారు అన్నారు: "నువ్వు బొట్టు పెట్టింది వదిలేసి ఇంకోటి తీసుకెళితే నీ మనసు కష్టపడుతుందనుకున్నాను. గురి కుదిరితే ఏదైనా ఒకటే అనుకున్నాను. తప్పు నాదే."

అన్ని మాటలు ఒక్కసారే. రెండు నెలలుగా నేను కిటికీలోంచి ఆయన్ని చూస్తూ కుళ్లుకుంటుంటే, ఆయన నా బొట్టుని అంత జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. ఆ జాగ్రత్తకే ఒక మూగజీవి సగం రోజు బాధపడింది. దీపం దగ్గర కూర్చుని ఏమని చెప్పుకోవాలో తెలియలేదు. ఆయన్ని ఇచ్చినందుకు మాత్రం మళ్లీ దణ్ణం పెట్టుకున్నాను.

అసూయ ఆ రోజుతో పోయిందంటే అబద్ధం. అది కిటికీ దగ్గర అలాగే ఉండేది. నేనే అక్కణ్ణుంచి లేచి గరాజ్‌లోకి వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ బల్ల మీద మందు తూచే చిన్న త్రాసుంది. ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టడం నాన్నగారు నేర్పిందే. ఆవిడ కంటే నాకే బాగా కుదిరేది. ఆ మాట ఆవిడే అంది. నాకు అది బాగానే గుర్తుంది.

మరుసటి ఏడు మహర్నవమి పొద్దున మహానైవేద్యానికి పప్పు పొయ్యి మీద పెట్టాను. మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమే, ఈసారి నూట యాభయ్యా, నూట అరవై అయిదా?"

"ముక్కు ఎలాంటిదో చెప్పండి ముందు."

"మెత్తటిదే."

"ఎంత దూరంలో కొడతారు?"

ఆయన పీట లాక్కుని కూర్చున్నారు. నేను నూట యాభై అన్నాను, ఆయన కాదన్నారు. నేనెందుకో చెప్పాను, ఆయన నవ్వారు, మళ్లీ కాదన్నారు. పప్పు మాడింది. ఆ పూట స్వామికి అరటిపండే.