గోడ మీద పసుపు అంకెలు

ఆర్మూరు పసుపు మార్కెట్లో తూకం యంత్రాలు పరీక్షించడానికి వెళ్లాను. నీళ్లకని ఆగిన ఇంట్లో కూలి లచ్చవ్వ గోడ మీది ఆరు అంకెలను తడి పసుపుతో మళ్లీ మళ్లీ దిద్దుతోంది. అవి చెరువు దగ్గర చచ్చిపడిన అడవిబాతు కాలి కడియం మీది నంబరట. వలస పక్షులు ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకోవడానికి పరిశోధకులు ఆ కడియాలు తొడుగుతారని, దొరికితే వాళ్లకు తెలపాలని చెప్పి, రాసి పంపడానికి కాగితం తీశాను.

“కడియమేది?”

“దుబాయి పోతుంటే నా కొడుకు జబ్బకు తాయెత్తు లెక్క కట్టిన సారూ. గంత దూరం పోయి మర్లొచ్చే పిట్టాయె. రెండు నెల్లసంది వాని ఫోన్ లేదు.”

“పక్షి చచ్చిందని రాయాలి.”

ఆమె పసుపు చేత్తో నా పెన్ను పట్టుకుంది. “గట్ల రాయకు. గా నంబరు ఇప్పుడు వానిది.”

తారీఖు, చోటు, నంబరు సరిగ్గానే రాశాను. ఆఖరున పక్షి ఎలా ఉందో తెలపాల్సిన చోట ‘బతికే ఉంది’ అని రాశాను. ఆమె ఆ మాట రెండుసార్లు చదివించుకుంది.