అప్ప అమ్మిపెట్టిన కథలు

నా పుస్తకాన్ని నాకంటే బాగా అమ్మిన మనిషికి చదవడం రాదు. ఆమె మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నౌపడకి అవతల, సముద్రం పక్కన పల్లెలో ఒక్కతీ ఉంటుంది. పిల్లల్లేరు. పొద్దున్నే ఒడ్డుకి వెళ్లి వేలంలో చేపలు పాడుకుని, తట్టతో ఆటో ఎక్కి, కోటబొమ్మాళి చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగి అమ్ముతుంది. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కడినే. అందుకే శ్రీకాకుళంలో మేష్టారినయ్యాను, కథలు రాసేంత తీరికా దొరికింది.

రాసిన కథలన్నీ పోగేసి పుస్తకం వేసుకున్నాను. వేసుకున్నాను అనడమే సరైన మాట, వేసేవాళ్లెవరూ దొరకలేదు. విజయనగరంలో అచ్చు వేయించి, అట్టపెట్టెలు తెచ్చి మంచం కిందా, బీరువా మీదా సర్దాను. ఆవిష్కరణ సభ పెట్టాను. ఒక వక్త నా కథల్లోని మానవత్వం గురించి అరగంట మాట్లాడాడు. ఆయన చేతికి పుస్తకం అందింది వేదిక ఎక్కాకే. వక్తలు నాకు శాలువా కప్పారు, నేను వాళ్లకి కప్పాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. సభ అయ్యాక చుట్టూ మూగి, "మీ సంతకంతో ఒక కాపీ దాచుకోవాలండీ" అన్నారు. మనలో ఆ మాటకి అర్థం ఊరికే ఇమ్మని. సంతకాలు పెట్టి ఇచ్చాను.

తర్వాత ఫేస్‌బుక్‌లో అట్ట బొమ్మ పెట్టాను. అభినందనలకేం, బోలెడు వచ్చాయి. తెప్పించుకున్నవాళ్లు ఇద్దరే, అందులో ఒకడు మా బావమరిది. ఊళ్లో పుస్తకాల షాపాయన నా కాపీల్ని బ్యాంకు పరీక్షల గైడ్ల వెనక పెట్టాడు. నేను రెండు రోజులకోసారి వెళ్లి, ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ వాటిని ముందుకి జరిపేవాడిని. మళ్లీ వెళ్లేసరికి వెనక్కి వెళ్లిపోయేవి. ఇద్దరం ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం అప్ప మాకు చేపలు తెచ్చింది. మంచం కింద పెట్టెలు చూసి, "ఇవేటిరా?" అంది.

"నా పుస్తకాలప్పా. అమ్ముడవలేదు."

"సరుకు మంచం కింద దాసుకుంటే ఎవులు కొంటారు? సేపలైతే ఈపాటికి వీధి వీధంతా కంపు కొట్టును." కాసేపు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓ ఇరవై ఇయ్యి. నానట్టుకెళ్తాను. కానీ ఇందులో ఏటున్నాదో సెప్పు. తెలీని సరుకు నానమ్మను."

ఆ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతూ నా కథలు విన్నది. నా జన్మలో అంత శ్రద్ధగా విన్న పాఠకుడు లేడు. నవ్వాల్సిన చోట నవ్వింది, ఒక చోట కత్తిపీట ఆపి కళ్లు తుడుచుకుంది. పుస్తకంలో పదకొండు కథలున్నాయి. పది చెప్పాను. పదకొండోది చెప్పలేదు.

ఎందుకంటే అది అప్ప కథ. మా బావ చాలా ఏళ్ల కిందట చేపల వేటకని గుజరాత్ వైపు రేవుకి వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని ఉండిపోయాడు. అప్ప పల్లెలో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. కానీ ఆమె తట్టతో తిరిగే రైతుల ఊళ్లలో తెలీదు. అక్కడ అప్ప మొగుడున్న మనిషి. ప్రతి దసరాకీ టెక్కలి వెళ్లి తనే ఒక చీర కొనుక్కుని, అది కట్టుకుని ఆ ఊళ్లకి వెళ్లి, "మా ఆయన పంపినాడు" అని చెప్తుంది. ఈ చీర సంగతి తెలిసినవాణ్ని నేనొక్కడినే. చెప్పిన రోజు నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని, "నీ నోటంట రాకూడదురా" అని ఒట్టేయించుకుంది.

నోటంట రాలేదు, నిజమే. కలంలోంచి వచ్చింది. ఆ తేడా చూపించి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఊరు మార్చాను, పేరు మార్చాను, గుజరాత్‌ని పారాదీప్ చేశాను. ఒక్కటి మాత్రం మార్చలేకపోయాను. అప్పకి తనదే అయిన ఒక కేక ఉంది. ఊరి మొదట్లో తట్ట దించి, చేపని తలకాయ దగ్గర పట్టుకుని పైకెత్తి, "కళ్లు సూసి కొనండర్రా, మాట సూసి కాదు!" అని అరుస్తుంది. ఇంకే చేపలమ్మీ అలా అరవదు. ఆ మాట తీసేసి చూస్తే కథ చప్పబడింది. మళ్లీ పెట్టాను. పత్రికలో వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నది ఆ వాక్యాన్నే, నేనూ నాదే అన్నట్టు ఊరుకున్నాను.

ఇరవై పుస్తకాలూ రెండు వారాల్లో అయిపోయాయి. మరో ఇరవై అంది. నమ్మలేక ఒక సెలవు రోజు వెంట వెళ్లాను. అప్ప మొదట చేపల బేరం పూర్తి చేస్తుంది. తర్వాత పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వేరే సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పుస్తకం తీస్తుంది. కోడలితో పడని ఇంట్లో అత్తాకోడళ్ల కథ, గట్టు తగాదా ఉన్న ఇంట్లో పొలం కథ. ఏ ఇంటికి ఏ చేప కావాలో తెలిసిన మనిషికి ఏ కథ కావాలో తెలీదా? సగం దాకా చెప్పి, సరిగ్గా అందరూ నోళ్లు తెరిచినప్పుడు లేచి తట్ట ఎత్తుకుంటుంది. "మిగతాది ఇందులో ఉన్నాది. మీ పిల్ల సేత సదివించుకోండి" అంటుంది.

ఎవరైనా ధర తగ్గించమంటే, "బేరం సేపకి గానీ కతకేటి?" అనేది. ఊరికే మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఒకరిద్దరికి ఊరికే ఇద్దామని నేనంటే, "ఊరికే ఇచ్చిన సేపని పిల్లికేస్తారు" అని కసిరింది. మరుసటి వారం వెళ్లినప్పుడు, "ఏటైనాది సివరికి?" అని వాళ్లనే అడిగేది. చెప్పాలి కాబట్టి చదివేవారు. ఆవిష్కరణ సభలో మాట్లాడిన నలుగురూ కలిసి తేలేని పాఠకుల్ని అప్ప ఒక్క వారంలో తెచ్చింది. తిరుగు దారిలో ఆటోలో కూర్చుని నేను సంతోషంతో ఉబ్బిపోయాను. పదకొండో కథ గుర్తుకి రాలేదని చెప్పను. వచ్చింది. దాన్ని పక్కకి నెట్టాను.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పుస్తకం చివర 'ప్రతులకు' అని నా నంబరు వేసుకున్నాను కదా, అది చూసి చేసింది. అప్ప తిరిగే ఊళ్లో, డిగ్రీ చదివే పిల్ల. ఏడుస్తోంది. "సార్, నాకు తెలీదు సార్. ఆవిడే సదవమంది సార్" అంటోంది. కాస్త స్థిమితపడ్డాక జరిగింది చెప్పింది.

అప్ప ఆ పిల్ల వాళ్ల అరుగు మీద చేపలు కోస్తోంది. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు. ఈ పిల్ల పుస్తకం తెరిచి, అప్ప ఎప్పుడూ చెప్పని కథ ఒకటి పైకి చదువుతోంది. కళ్లు చూసి కొనండర్రా అన్న మాట రాగానే అందరూ పకపకా నవ్వారు. "అత్తా, ఇది నువ్వే!" అని పిల్ల అరిచిందట. అప్ప మొహం వెలిగిపోయిందట. "మా తమ్ముడు నన్ను కూడా పుస్తకంలో ఎట్టీసినాడర్రా! సదువమ్మా, సదువు" అంది. పిల్ల చదువుకుంటూ పోయింది. కథలో పారాదీప్ వచ్చింది. ఇంకో ఆడమనిషి వచ్చింది. ఏదో తేడాగా ఉందని ఆపితే, "ఆపకు" అంది అప్ప. దసరా చీర దాకా చదివింది. అంతకు ముందు దసరాకి అదే అరుగు మీద, అదే ఆడవాళ్ల ముందు అప్ప చీర కొంగు పరిచి చూపించింది. అప్ప కోసిన ముక్కలు కడిగి గిన్నెలో వేసి, తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు బస్సెక్కి వెళ్లాను. అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. అమ్మగా మిగిలిన పుస్తకాలు కవర్లలోనే, ఒకదాని మీద ఒకటి సర్ది గోడవార పెట్టి ఉన్నాయి. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. మంచినీళ్లిచ్చింది.

"రాస్తే రాసినావు. నీకు రాయడం అలవాటు" అంది. "అమ్ముతానని నాను సంచి అట్టుకుంటే ఎందుకాపలేదురా? నా సేతే, నా నోటితోటే ఇల్లిల్లూ తిప్పినావు. ఆ నాలుగూళ్లలోనేరా నాకు మొగుడున్నది."

పుస్తకాలు పోతున్నాయి కాబట్టి ఆపలేదు. అంతకంటే పెద్ద కారణం లేదు. అదే చెప్పాను. ఈ పుస్తకం విషయంలో మా అప్ప దగ్గర నేను నిజం మాట్లాడింది ఆ ఒక్క మాటే. నాకు ఏడుపొచ్చింది, ఆమెకి రాలేదు.

"ఆ పిల్ల సివరిదాకా సదవలేదు" అంది అప్ప. "ఏటవుతాది? ఆడొస్తాడా?"

"రాడప్పా."

అప్ప నా మొహంలోకి చూసింది. "కతే కదా. రాసేది నువ్వే కదా. ఒక్కపాలి రప్పించలేకపోయినావా?"

మిగిలిన పుస్తకాలు మోసుకుని ఇంటికొచ్చాను. అప్ప ఆ ఊళ్లు మానేసింది. ఇప్పుడు టెక్కలి సంతలో, పదిమంది చేపలమ్మీల మధ్య కూర్చుని అమ్ముతోంది. కేకలు వెయ్యదు. నేను ఫోన్ చేస్తే ఎత్తుతుంది, పిల్లల చదువులు అడుగుతుంది, మా ఆవిడ నడుం నొప్పి అడుగుతుంది. తన సంగతి అడిగితే "బాగున్నాను" అంటుంది. చిన్నప్పటి నుంచి తన ప్రతి కష్టమూ నాకే చెప్పుకున్న మనిషి.

పోయిన నెల ఆటో దిగుతూ జారిపడి ఆమె చెయ్యి విరిగింది. ఆ సంగతి నాకు పక్కింటివాళ్ల ద్వారా మూడు వారాలకి తెలిసింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. కట్టుతో కూర్చుని, రెండో చేత్తో అన్నం కలుపుకుంటోంది. "నాకెందుకు చెప్పలేదప్పా?" అన్నాను.

"నీకు సెప్తే రాసీగలవురా" అంది.

వేళాకోళానికి అందేమోనని మొహంలోకి చూశాను. ఆమె తలెత్తలేదు, అన్నం తింటోంది.