ఇంగ్లండు తాతను వెతికిన నాలుగు ఆదివారాలు

మొన్న నా బిడ్డ ఫోన్‌లో సూరత్‌ను ఆకాశంలోంచి చూపించింది. వేలితో ఇటు జరిపితే తాపీ నది, అటు జరిపితే లింబాయత్‌లో మేమున్న గల్లీ, కిందికి లాగితే డుమస్ సముద్రం. "ఏడికి పోదాం నాయినా, చెప్పు" అంది. డుమస్ రోడ్డు పక్కన ఒక చోట ఆపమన్నాను. అక్కడ నలుచదరపు రొయ్యల చెరువులు, వాటి నడుమ వంకర లేని తెల్లటి గీత. "ఇదేంది, రోడ్డా?" అని అడిగింది. విమానాల బాట అన్నాను. నవ్వింది. నేను నిజం చెప్పినప్పుడే మా ఇంట్లో నవ్వుతారు. ఏడో తరగతిలో నేను బడిని వదిలానని అమ్మ అంటుంది, బడే నన్ను వదిలించుకుందని సార్లు అంటారు. అప్పటినుంచి సాంచెల, అంటే కరెంటు మగ్గాల, మోతలో పనిచేస్తూ, ఆ మోతకు పైన వినబడేలా జోకులు వేస్తూ బతికినవాణ్ణి. నా మాటకు ఆ మాత్రం విలువ ఉండటం న్యాయమే.

ఆ బాటను యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు దొరలు వేయించారు. యుద్ధం అయిపోయింది, దొరలు పోయారు, బాట మిగిలింది. మా ఇంట్లో దానికి ఇంకో చరిత్ర ఉంది. మా అమ్మ తండ్రికి, అంటే మా తాతకు, ఒక తమ్ముడు ఉండేవాడట. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి అన్నదమ్ములిద్దరూ ఆ బాట పనిలో కూలికి కుదిరారు. తమ్ముడి చలాకీతనం ఒక దొరకు నచ్చి, విమానంలో ఎక్కించుకుని ఇంగ్లండు తీసుకుపోయాడు. అందుకే మాకు ఆయన ఇంగ్లండు తాత. ఇంట్లో చక్కెర నిండుకుంటే "ఇంగ్లండు తాత పంపుతడు తీయ్" అనుకునేవాళ్లం. తాతల తల్లి, మా ముత్తవ్వ, చచ్చిపోయేదాకా పైన విమానం మోత వినబడితే చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేదట. పెత్రమాస అమావాస్యకు, చచ్చిపోయినవాళ్లందరి పేరునా బియ్యం ఇస్తాం కదా, ఆయన పేరున మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. బతికున్నోడికి బియ్యం ఇస్తే ఆయువు తరుగుతుందని భయం.

తొంభైల మొదట్లో, ఒక ఎండాకాలం, తాతకు ఊపిరి ఆడటం కష్టమైంది. డాక్టరు చూసి, ఆయనకు వినబడకుండా మాకు చెప్పాల్సింది చెప్పాడు. అదే వారం, పాత బాట దగ్గర రొయ్యల చెరువులకు మట్టి తవ్వుతున్నారని ఎవరో చాయ్ హోటల్లో అన్నది తాత చెవిన పడింది. సాయంత్రం నన్ను పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"వాడు ఇంగ్లండు పోలేదురా."

"మరేడికి పోయిండు తాతా, జర్మనీకా?"

ఆయన నవ్వలేదు. "బాటకాడనే ఉన్నడు. మన్ను కింద."

యుద్ధంలో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే మట్టి పనికి పోయారు. తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడో రోజుకు ప్రాణం పోయింది. రోగమని తెలిస్తే కూలోళ్లంతా పారిపోతారని గుత్తేదారు పొద్దుగూకక ముందే బాట పక్కన పూడ్పించాడు. మర్నాడు అదే బాట మీద తాత రోలరు లాగాడు. ఇంటికి పోయి తల్లికి చెప్పబోతే నోరు రాలేదు. "అవ్వ మొఖం జూసినంక ఇంగ్లండు అని వచ్చింది. అన్న మాట మళ్లా ఎనుకకు తీసుకోరాలే" అన్నాడు.

ఇప్పుడు ఆయనకు కావలసింది ఒక్కటే. ఎముక దొరికినా సరే, పిడికెడు మన్నయినా సరే, తెచ్చి తాపీలో కలపాలి. తాను ఉండగానే, చెరువులు తవ్వే యంత్రం ఆ చోటికి రాకముందే. "ఇంటినిండ మంది ఉంటే నాకే ఎందుకు చెప్తున్నవే?" అన్నాను. "నువ్వయితే ఎవ్వలకు చెప్పినా నమ్మరు" అన్నాడు. గుర్తులు కూడా చెప్పాడు. దొరలు జెండా కట్టె పాతిన గుండ్రటి దిమ్మె ఉంటుంది. అక్కడినుంచి సముద్రం దిక్కు, బాట అంచు పొంటి నాలుగు వందల అడుగులు.

మొదటి ఆదివారం నాకు వెతకటం కన్నా చూడటమే సరిపోయింది. అంత వెడల్పు సిమెంటు బాట, పగుళ్లలో తుమ్మ మొక్కలు, మీద చేపలు ఎండబెట్టిన కొయ్యలు. యుద్ధం వాసన ఎలా ఉంటుందో తెలియదు గాని, ఆ బాటకు ఎండు చేపల వాసన ఉండేది. విమానాలను గాలికి ఎగిరిపోకుండా కట్టేసే ఇనుప కడియాలు నేలలో తుప్పుపట్టి ఉన్నాయి. ఇప్పుడు వాటికి మేకలు కట్టారు. కప్పు లేని ఇటుక గదుల్లో గోడల మీద ఇంగ్లీషు అక్షరాలు సగం సగం మిగిలాయి. ఇంగ్లీషు చదవటం వచ్చి ఉంటే బాగుండేదని నా జీవితంలో మొదటిసారి అనిపించింది. రెండో ఆదివారం దిమ్మె దొరికింది. నాలుగు వందల అడుగులు వేసి, అడిగి తెచ్చుకున్న గడ్డపారతో తవ్వాను. కంకర వచ్చింది, ఒక సీసా పెంకు వచ్చింది. మూడో ఆదివారం ఇటు పది గజాలు, అటు పది గజాలు తవ్వాను. యంత్రం దిమ్మె దగ్గర పని మొదలుపెట్టింది. మన చోటికి రావటానికి ఇంకా చాలా టైముందని సంబరపడ్డాను. నాలుగో ఆదివారం అరచేతులు పగిలేదాకా తవ్వి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

"తాతా, సరింగ యాదికున్నదా నీకు?"

"నాకు లేకున్నా కాళ్లకుంటది. తోల్కపో."

మర్నాడు సాంచెలకు నాగా పెట్టి, రిక్షా మాట్లాడి తీసుకుపోయాను. దిమ్మె దగ్గర నా భుజం వదిలేశాడు. సముద్రం వైపు తిరుగుతాడనుకుంటే, బాట వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. రెండు చేతులు ముందుకు చాపి, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, పక్కకు పక్కకు ఎండ్రికాయలా జరగటం మొదలుపెట్టాడు. ఒక కాలు జరపటం, రెండో కాలు దాని పక్కకు చేర్చటం. నాకు నవ్వొచ్చింది. "ఏందే తాతా ఈ నడక?" అన్నాను. "పడుగుకు గంజి పెట్టేటోడు ఇట్లగాక ఎట్ల నడుస్తడురా?" అన్నాడు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. వాళ్ల ఊళ్లో పడుగును, అంటే నేతకు కట్టే నిలువు పోగులను, వాడ పొడవునా చాపి, ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి కుంచె పట్టుకుని, గంజి పూస్తూ అలా పక్కకు జరుగుతూ పోయేవారట. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటినుంచి ఎదురెదురుగా అలా నడిచినవాళ్లే. ఆయన కాళ్లకు దూరం అంటే ఆ అడుగులే. నేను సాంచె కాడ పుట్టినవాణ్ణి. నాకు నూలు గంజి పెట్టుకుని, చుట్టలు చుట్టుకుని, లారీ ఎక్కి వచ్చేది. ఆయన నాలుగు వందలు నా లెక్కలో నూటయాభై కూడా కావు. నేను తవ్విన చోటు ఎక్కడో ముందుకు పోయింది.

మూడు వందల పన్నెండు దగ్గర తాత కాలికి చెరువు కట్ట తగిలింది. దాని అవతల నీళ్లు. నింపి రెండు రోజులే అయిందట. కట్ట మీదికి ఎక్కించాను. మిగిలిన అడుగులు నీళ్ల మీద చూపుడువేలు జరుపుతూ లెక్కపెట్టాడు. నాలుగు వందల దగ్గర వేలు ఆగింది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

కాపలావాడు అరుచుకుంటూ వచ్చాడు. "ఓ కాకా, ఝింగా చురానే ఆయే క్యా?" రొయ్యలు దొంగిలించటానికి వచ్చారా అని. తాత అతణ్ణే అడిగాడు, తవ్విన మట్టి ఎక్కడ వేశారని. "యే పూరా బంద్ ఉసీ కా హై. లే జావ్, అచార్ డాలో" అని, ఈ కట్టంతా ఆ మట్టే, పట్టుకుపోయి పచ్చడి పెట్టుకోండని నవ్వి పోయాడు. తాత రుమాలు పరిచి కూర్చున్నాడు. ఒక పిడికెడు మన్ను తీశాడు. జరిగి ఇంకో పిడికెడు. ఆ కట్ట ఎంత పొడవు ఉందో చూస్తే భయమేసింది.

"గిట్ల ఎంత తీస్తవే?"

"ఏ పిడికిట్ల ఉన్నడో నాకేమెరుక?"

కాసేపటికి నేను కూడా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎండ దిగేదాకా ఇద్దరం ఒకరికొకరు ఎదురుగా కట్ట పొడవునా జరుగుతూ మన్ను ఎత్తాం. ఆయన దగ్గుతూనే ఉన్నాడు. ఆ మూటను తాపీలో వదిలినప్పుడు నీళ్లు కాసేపు ఎర్రగా తిరిగాయి.

ఇరవై రోజులు తిరగకముందే తాత పోయాడు. పెత్రమాస వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ సంగతి చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ లోపలికి పోయి, ఇంగ్లండు తాత పేరున రెండో చాటలో కూడా బియ్యం పోసి తెచ్చింది. మా ఇంట్లో ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడు పోయినట్టయింది. నడుమ ఉన్న యాభై ఏళ్లు ఎటు పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు గాని, నా నాలుగు ఆదివారాలు ఎటు పోయాయో మాత్రం అడుగులతో సహా తెలుసు.