గుట్ట మీద ఫోను ప్రార్థన

మేకలకు ఆదివారం తెలియదు. వాటి ఆకలి ఏ వారమైనా ఒకటే. ఎజ్రా బతికి ఉన్నప్పుడు ఇంట్లో వంతు ఉండేది. ఒక ఆదివారం మొగుడు మేకల వెంట పోతే పెళ్లాం చర్చికి పోయేది, మరుసటి ఆదివారం అటుది ఇటు. ఎజ్రా పోయాక వంతు పంచుకునే మనిషి లేడు. పిల్లలు కలగలేదు. రాచర్ల అవతల కొండవాలు పాలెంలో ఎలీషబా, పాతిక దాకా మేకలు, రెండు గదుల ఇల్లు. చర్చి గంట మోగేసరికి ఆమె గుట్ట మొదట్లో ఉండేది. గంట గాలికి కొంత వినపడేది, కొంత వినపడేది కాదు.

ఆ గుట్టకు ఎదురుగా రోడ్డు పక్కన సెల్ టవరు లేచి నాలుగేళ్లయింది. పాలెంలో దాని గురించి తలకొక మాట. టవరు వచ్చినాక పిచ్చుకలు పోయినాయని ఒకరు, వానలు పోయినాయని ఒకరు, ఆడోళ్లకు తలనొప్పులు అందుకేనని ఒకరు. ఇట్లా అన్నవాళ్లే పొద్దుగూకితే అరుగుల మీద ఫోను మొహానికి పెట్టుకుని కూర్చునేవాళ్లు.

గిద్దలూరు నుంచి మోపెడ్ మీద మేకలు కొనడానికి వచ్చే వలి బాషాకైతే టవరు బేరానికి కూడా పనికొచ్చేది.

"ఏందక్కా, మళ్లీ టవరు ఎదురుగానే మేపుతున్నావా? ఈ గాలి తగిలితే చూలు మేకలు ఈసుకపోతాయంట, కడుపు నిలవదంట. పుట్టిన పిల్లలకు గూడా కండ పట్టదంట."

"అట్లయితే కొనొద్దులే బాషా. గాలి తగలని మేకల్ని ఎతుక్కోపో."

"మాట వరసకు అంటి గదక్కా!"

"మరి నీ జేబులో ఉండేదేంది?"

"ఇదా? ఇది యాపారం. దీని గాలి వేరే."

అంతలోనే ఆ జేబు మోగింది. వలి బాషా అలో అలో అంటూ, సిగ్నల్ కోసం మోపెడ్ అక్కడే పడేసి గుట్టమీది బండ మీదికి పరుగెత్తాడు. ఎలీషబా ఆ పూట నవ్వింది.

టవరు ఎదురుగా ఉన్నా, ఆ బండ మీద తప్ప గుట్టలో ఎక్కడా ఫోను అందదు. కిందనే పాల్ రాజు కంది చేను. రోజూ మిట్టమధ్యాహ్నానికి ఎలీషబా మేకల్ని మళ్లించి ఆ బండ దగ్గరికి చేరేది. గిద్దలూరులో ఉండే పాస్టరుగారి భార్య సామ్రాజ్యమ్మ అమ్మగారు ఆ వేళకు ఫోను చేస్తుంది. ఒక్కొక్కరికే ఫోను చేసి అందరినీ ఒకే లైనులో కలుపుతుంది. కరోనాకు చర్చిలు మూసినప్పుడు పెట్టిన ప్రార్థన అది. చర్చిలు తెరిచాక చాలామంది మానుకున్నారు. అయిదారుగురు ఆడవాళ్లు మిగిలారు. ఎజ్రా సమాధి కార్యానికి వచ్చినప్పుడు అమ్మగారు ఎలీషబా నంబరు రాసుకుని పోయింది. అప్పటినుంచి ఆమె ఆ లైనులో ఉంది.

అమ్మగారిని తప్ప మిగతా వాళ్లనెవరినీ ఎలీషబా చూడలేదు. కానీ ఆమెకు వాళ్లు తెలుసు. నెత్తిన కొంగు కప్పుకుని, చిన్న ఫోను బండ మీద పెట్టి స్పీకరు నొక్కి, కళ్లు మూసుకుంటే చాలు, అందరూ ఒకే చాప మీద వచ్చి కూర్చునేవాళ్లు. అర్ధవీడు కేథరిన్‌కు దగ్గు కాబట్టి ఆమెను బక్కగా, గోడకు ఆనుకున్నట్టు కూర్చోబెట్టుకుంది. కంభం యామినిది మెత్తని గొంతు. ఆమెకు నీలం చీర కట్టింది. యామిని పక్కన తను. అందరూ తలలు వంచుకుని ఉంటారు. వరసగా పేర్లు పిలుస్తూ వచ్చి, "ఎలీషబా, నువ్వు చెయ్యమ్మా" అంటుంది అమ్మగారు. రోజు మొత్తంలో ఆమె పేరు ఇంకొకరి నోట పలికేది ఆ ఒక్కసారే.

ఆ కార్తీకంలో కంది పూత మీద ఉంది. ఒకనాడు కేథరిన్ తన కూతురి కాన్పు గురించి ప్రార్థన సాగదీసింది. తర్వాత ఎలీషబా వంతు. తనూ ఆ పిల్ల కోసమే ఆపకుండా చేసింది. ఆమెన్ అని కళ్లు తెరిస్తే వాలులో ఒక్క మేక లేదు. కింది నుంచి కేక వచ్చింది.

"వదినా, నీ మేకలకు గూడా ప్రార్థన ఉందా? మా చేలో విందు జరుగుతాంది. రా, ఆమెన్ చెబుదువు!"

పాల్ రాజు ఎజ్రాకు వరసకు తమ్ముడు. మంచివాడే, చర్చిలో వాక్యం చదువుతాడు. ఎలీషబా పరుగున దిగి పోయేసరికి మేకల్ని బయటికి తోలాడు గానీ, చుక్కమేక మెడకు తాడు వేసి పట్టుకున్నాడు. మూడు చాళ్ల పొడుగునా పూత రాలి, కొమ్మలు మోడులై ఉన్నాయి.

"తప్పయింది రాజూ. కండ్లు మూసుకోనుంటి."

"నువ్వు మూసుకోనుంటివి. అవి మూసుకోలేదు గదా."

పైరు మేసిన జీవాన్ని పైరుగలాయన కట్టేసుకోవడం అక్కడి పద్ధతి. ఎవరూ తప్పుపట్టరు. పాల్ రాజు మేకను ముందుకు లాగాడు.

"నష్టం ఎంతని నేనడగను వదినా. మా అన్న మొహం చూసి అడగను. ఈ మేక మా దొడ్డో ఉంటాది. ఆ ఫోను గుట్టమీదికి తేనని మాట చెప్పి తోలుకపో."

"దానికి పాలు తాగే పిల్లలున్నాయి రాజూ."

"ఉన్నాయి గాబట్టే పట్టుకుంటి. తొందరగా చెబుతావని." కొంచెం తగ్గి అన్నాడు. "ఫోన్లొచ్చినాక ఎవురి చూపు యాడుంటాదో తెల్వకుండా పోయింది. మా ఇంట్లో పిల్లోళ్లు అట్ల, నువ్వు ఇట్ల. ఇంట్లో చేసుకోరాదా ప్రార్థన? దేవునికి సిగ్నల్ కావాల్నా?"

ఎలీషబా కొంగుతో మొహం తుడుచుకుంది. దేవునికి అక్కర్లేదని ఆమెకూ తెలుసు, అమ్మగారి లైనుకే కావాలి. పామూరు నుంచి జెస్సీ అని ఒకామె ఉండేది ఆ లైనులో. నాలుగు రోజులు కలవలేదు. రెండు రోజులు ఏమైందో అనుకున్నారు. వారం తిరిగేసరికి అమ్మగారు ఆ పేరు వదిలేసి పక్క పేరు పిలిచింది. ఎవరూ అడగలేదు. ఎలీషబా కూడా అడగలేదు.

"కండ్లు తెరుచుకోని చేస్తే?" అంది.

పాల్ రాజు నిలబడిపోయాడు. "కండ్లు తెరిచి ప్రార్థనేంది వదినా? సండే స్కూల్లో పిల్లోళ్లు తెరిస్తేనే చెవి మెలేస్తిమి."

"అమ్మగారినడుగుతా."

"అడుగు. ఆయమ్మ సరేనంటే నాదేముంది."

సాయంత్రం ఇంటి దగ్గర చుక్కమేక పిల్లలు రెండూ దొడ్డి కంతల్లోంచి మూతులు పెట్టి అరిచాయి. ఇంకొక పాలమేకను కాళ్ల సందున బిగబట్టుకుని వాటి చేత తాగించింది ఎలీషబా. ఆ మేక తన్నింది. పరాయి పిల్లల వాసన దానికి సయించలేదు.

మరునాడు బండ మీద ఫోను మోగగానే ఆమె కొంగు కప్పుకోకుండానే ఎత్తింది. అందరూ కలిశాక, ప్రార్థన మొదలుకాకముందే జరిగింది చెప్పి, "కండ్లు తెరిచి చేస్తే తప్పా అమ్మా?" అని అడిగింది.

లైనులో యామిని కిసుక్కుమంది.

"అయ్యో అక్కా, నేనెప్పుడు మూసినా? పొయ్యి మీద పప్పు పెట్టుకోనే చేస్తా. కండ్లు మూస్తే మాడిపోదా?"

"నాకు నడుము నొప్పి," కేథరిన్ దగ్గుతూ అంది. "మంచంలో పండుకోనే వింటి ఇన్నాళ్లూ. టీవీ సౌండు తీసేసి పెట్టుకుంటా."

అందరూ నవ్వారు. అమ్మగారు కూడా నవ్వింది. "నేను మూస్తే మిమ్మల్ని కలిపేదెవరమ్మా? నా చూపంతా ఫోను మీదనే. ఎవరిది కట్టయిందో చూసుకోవద్దా? ఆయన మనసు చూస్తాడు. నువ్వు మేకల్ని చూసుకుంటానే చెయ్యి."

ఎలీషబా కూడా నవ్వింది, వాళ్లకు వినపడేటట్టు.

వంతు వచ్చింది. ఆమె చేనుకేసి తిరిగి కూర్చుని మొదలుపెట్టింది. "పరలోకమందున్న తండ్రీ" అనగానే ఎదురుగా బండ, బండ మీద ఫోను, దాని తెర మీద గీతలు. ఆ పక్కన ముళ్ల కంప. మేకలు వాలులో విడివిడిగా మేస్తున్నాయి. కేథరిన్ కూతురి పేరు గుర్తుకు రాలేదు. నిన్న నోటినిండా పలికిన పేరు. చాప లేదు, నీలం చీర లేదు. పలుకుతున్నది తన గొంతే, చిన్నగా, ఎండలో. ఒక పోతు చేనుకేసి నాలుగడుగులు వేసింది. మాట ఆపకుండానే రాయి తీసి విసిరింది. పోతు వెనక్కి తిరిగింది. కళ్లు ఒక్కసారి మూసుకుంటే బాగుండుననిపించింది గానీ మూయలేదు. మూసినా ఇప్పుడు అక్కడ పొయ్యి, పప్పు, చప్పుడు లేని టీవీ ఉంటాయి.

"ఆమెన్" అంది తొందరగా.

"ఆమెన్" అన్నారు వాళ్లు. "యామినీ, నువ్వు చెయ్యమ్మా" అంది అమ్మగారు.

అన్నీ అయి లైను తెగాక గట్టు మీద పాల్ రాజు కనిపించాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో.

"ఏమన్నది వదినా అమ్మగారు?"

"తెరిచే చెయ్యమన్నది."

"చేసినావా?"

"చేసినా."

"చూసినాలే. రాయి గూడా ఇసిరితివి." నవ్వాడు. "ఇంకేం, అంతా మంచిదే గదా. రా, మేకను తోలుకపో."

"మంచిదే," అంటూ ఎలీషబా ఫోను రొంటిన దోపుకుని లేచింది.